మనశ్శాస్త్ర పరిశోధనమున మార్గదర్శకాధ్యయనము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు చాలునని పెద్దలు చెప్పుదురు. ఈ మాట మన యింటి పొయ్యికడ నిత్యము ఋజువగుచునే యున్నది. అయితే మనుష్యుల మనస్సులను గూర్చి విచారింప బూనినప్పుడు ఈ సామెత యెంతవఱకు సరిపోవును? కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే సెగమీద ఉడికినవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో చదువుకొను బాలబాలికలు ఒకే కుండలో ఉడికినవారు కారు. ఒకరి యింట తెలుగు, ఒకరి యింట ఉర్దూ, తండాలనుండి వచ్చువారి యింట లంబాడీ పలుకు. ఒకరి తండ్రి నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద వరి పండించును. మఱియొకరి తల్లి కూలికి పోవును. ఇట్టివారిలో ఒక్కని మనస్సు పట్టి చూచి అందఱి సంగతియు తెలిసినదనుట సాహసము. కావున మనశ్శాస్త్రజ్ఞులు పెద్ద పరిశోధనకు పూర్వము చిన్న పరిశోధన యొకటి చేయుదురు. దీనికి మార్గదర్శకాధ్యయనమని పేరు. వాడుకలో పైలట్ అధ్యయనమందురు. ఇది యేల చేయవలెను, ఎట్లు చేయవలెను, దీనివలన తెలియునదేమి, తెలియనిదేమి అను విషయములను మా విద్యార్థులకు వివరింప దలచితిమి.

పేరును గూర్చి ఒక మాట. పైలట్ అనగా విమానము నడపువాడని మాత్రమే మన బాలురెఱుగుదురు. ఓడరేవులలో ఈ మాటకు వేఱొక అర్థము కలదు. 1933లో తెఱవబడిన విశాఖపట్టణపు రేవువంటి చోట్ల, దూరదేశమునుండి వచ్చిన ఓడ తిన్నగా లోపలికి రాదు. ఆ రేవు లోతులు, ఇసుకమేటలు, రాళ్ళు ఎఱిగిన వాడొకడు ఓడ నెక్కి దానిని లోనికి నడిపించును. అతడే పైలట్. ఓడలోని సరకు మంచిదో చెడ్డదో చెప్పుట అతని పని కాదు. ఓడ రాతికి తగులకుండ గట్టు చేరునట్లు చూచుటయే అతని పని. మార్గదర్శకాధ్యయనపు స్వభావమంతయు ఈ పోలికలో ఇమిడి యున్నది.

మనకు దగ్గఱ పోలిక కావలెనన్నచో మిర్యాలగూడ బియ్యపుమిల్లులే చాలును. కొత్తరకము ధాన్యము వచ్చినప్పుడు బస్తాలన్నియు ఒక్కమాఱుగా యంత్రములో పోయరు. ముందు కొంచెము పోసి, రబ్బరు రోళ్ళ నడిమి యెడము సరిచూతురు. ఎడము తక్కువైన బియ్యము విఱిగి నూకలగును; ఎక్కువైన పొట్టు వీడదు. ఆ కొంచెపు ధాన్యమునుబట్టి యంత్రము సరియైనదా కాదా అని తెలియును గాని, ఆ యేటి పంట యెంత యని తెలియదు. ఈ భేదమును విద్యార్థులు మఱువరాదు. నమూనా తీసి చూచుట వేఱు, యంత్రమును సరిచూచుట వేఱు. మార్గదర్శకాధ్యయనము రెండవ జాతికి చెందినది.

పూర్వచరిత్ర

మనస్సును కొలుచు పనిముట్లను ముందుగా పరీక్షించి చూచు ఆచారము ఈ శాస్త్రముతోనే పెరిగినది. ఫ్రాన్సు దేశమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అనువారు 1905లో 30 అంశములతో బుద్ధిమాపని నొకటి ప్రకటించిరి. చదువులో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేకబోధన యేర్పఱచుటకై వారిని గుర్తించుట దాని ఉద్దేశ్యము. సుమారు 50 మంది సాధారణ బాలురతో సరిచూచిన ఆ మొదటి మాపనితో బినే తృప్తి చెందలేదు. 1908లో ఎక్కువమందిని పరీక్షించి, అంశములను వయస్సులవారీగా అమర్చెను. 1911లో మఱల సవరించెను. మొదటి రూపమే కడపటి రూపమని ఆతడు పట్టుబట్టి యుండినచో ఆ మాపని ప్రపంచమునకు ఉపయోగపడి యుండెడిది కాదు.

అదే మాపని భారతదేశమునకు వచ్చినప్పుడు కొత్త చిక్కు కలిగినది. పారిసు బాలుని కొఱకు వ్రాసిన ప్రశ్న మన పల్లె బాలుని కేమి తెలియును? 1922 ప్రాంతమున హెర్బర్టు రైసు దానిని హిందూస్తానీకి, 1934లో వి. వి. కామత్ కన్నడ మరాఠీ భాషలకు అనుగుణముగ మార్చిరి. ఈ పనిలో భాషాంతరీకరణము స్వల్పభాగము. ప్రతి అంశమును మన పిల్లలకు చెప్పి చూచి, ఏది సులభమైనదో, ఏది కఠినమైనదో క్రొత్తగా తేల్చుకొనవలసి వచ్చుట అసలు భాగము. ఒక దేశమున ఏడేండ్లవానికి తగిన ప్రశ్న మఱియొక దేశమున తొమ్మిదేండ్లవానికి తగినది కావచ్చును.

తెలుగునాట రెండు దృష్టాంతములు

మొదటిది ‘యంగ్ లైవ్స్’ అను బాల్యాధ్యయనము. ఇథియోపియా, పెరూ, వియత్నాములతోపాటు భారతదేశమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఇది 2002లో ఆరంభమైనది. ఏడాది వయస్సుగల సుమారు 2000 మంది శిశువులను, ఎనిమిదేండ్ల వయస్సుగల సుమారు 1000 మంది బాలలను ఎన్నుకొని, వారి పెరుగుదలను ఏండ్ల తరబడి గమనించిరి. పిల్లల పదజ్ఞానమును కొలుచుటకు అమెరికాలో పుట్టిన బొమ్మల పరీక్ష నొకదానిని తెలుగులోనికి తెచ్చిరి. నాలుగు బొమ్మలు చూపి, ఒక మాట చెప్పి, ఆ మాటకు తగిన బొమ్మను చూపుమందురు. చూచుటకిది పసిపిల్లల ఆటవలె నుండును. కాని భాష మాఱగనే అంశముల కాఠిన్యక్రమము మాఱును. అందుచేత వారు ఈ పరీక్షలను ముందుగా కొందఱిపై ప్రయోగించి చూచిరి. పిమ్మట అంశముల నొక్కొక్కటిగా విశ్లేషించి, సరిగా పనిచేయనివానిని లెక్కనుండి తొలగించిరి. ఒక భాషవారి మార్కులను వేఱొక భాషవారి మార్కులతో పోల్చుట ప్రమాదకరమనియు హెచ్చరించిరి.

రెండవది పశ్చిమగోదావరి జిల్లాలో జరిగినది. దిగులు, భయము మొదలగు సాధారణ మనోవ్యాధులు గల గ్రామీణులు వైద్యుని యొద్దకు పోవుటయే అరుదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను ఆరోగ్యపరిశోధన సంస్థవారు గిరిజనులు నివసించు 30 గ్రామములలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అను మార్గదర్శకాధ్యయనము నడపి, 2017లో ఫలితములు ప్రకటించిరి. మనోవ్యాధి యన్న సిగ్గుపడనక్కఱలేదని ముందు గ్రామములలో ప్రచారము చేసిరి. తరువాత ఆశా కార్యకర్తలు చేతిలో చిన్న కంప్యూటరు పలకలు పట్టుకొని ఇంటింటికి పోయి ప్రశ్నలడిగిరి. 5007 మందిని విచారింపగా 238 మందికి సహాయము కావలసి యున్నట్లు తేలినది. అట్టివారిలో వైద్యసేవ పొందినవారు మొదట నూటికి 0.8 మాత్రమే, ప్రయోగానంతరము 12.6.

ఈ యంకెలను చూచి తొందరపడి ‘పద్ధతి గెలిచినది’ అని చాటవలెనా? అక్కఱలేదు. ఇందులో ముందు వెనుకల పోలిక యున్నది గాని, ఈ పద్ధతి నడపని గ్రామములతో పోలిక లేదు. వేఱు కారణమున మార్పు వచ్చి యుండవచ్చును గదా! అయినను ఈ చిన్న పని వ్యర్థము కాలేదు. ఆశా కార్యకర్త ఈ పనిముట్టును వాడగలదా, గ్రామస్థులు సమాధానము చెప్పుదురా, వైద్యుడు పాల్గొనునా అను ప్రశ్నలకు సమాధానము దొరకినది. అంతట ఆంధ్రప్రదేశ్, హర్యానాలలోని 44 ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల పరిధిలో, పోలికకు తగిన యేర్పాటుతో పెద్ద పరిశోధన సాగినది. చిన్నది పెద్దదానికి త్రోవ చూపినది. పెద్దదాని స్థానమును ఆక్రమింపలేదు.

మన మూడు పట్టణములలో చేయవలసి వచ్చినచో

ఇక మన సంగతి. పదవతరగతి విద్యార్థులకు పరీక్షలన్న ఎంత భయము, అది వారి నిద్రను, ఆకలిని, జ్ఞాపకమును ఎట్లు బాధించును అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో 900 మందిని విచారింప దలచితిమనుకొందము. ఇది ఊహామాత్రమే గాని, ఇందలి చిక్కులు ఊహలు కావు.

మొదటి చిక్కు మాటలది. ‘పరీక్షల సమయమున నీకు ఆందోళన కలుగునా?’ అని వ్రాసితిమి. పుస్తకములో ఆందోళన యనగా మనస్సు కలవరపడుట. కాని వార్తాపత్రికలలో ఆందోళన యనగా ధర్నా, ఊరేగింపు. బాలుడు ‘మా బడిలో అట్టిది ఎన్నడును జరుగలేదు’ అని తలచి ‘లేదు’ అనుచోట గీత గీయును. మనము వానిని ధైర్యవంతుల పట్టికలో చేర్చుదుము! మన ప్రాంతమున తల్లులు ‘రంది పెట్టుకొనకు’ అందురు. పిల్లలు ‘బుగులు’ అందురు, ‘గాబరా’ అందురు. ఈ మాటలలో ఏది ఏ బాధను సూచించునో అడిగి తెలిసికొనక ప్రశ్న వ్రాయరాదు. కోదాడకు కొలది దూరములోనే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. అటువైపున ‘కంద’ యన్న కూరకు వాడు దురద దుంప. ఇటువైపున ‘కందగడ్డ’ యన్న తియ్యని చిలగడదుంప. బొమ్మల పరీక్షలో ఈ మాట పడినచో ఒకే సమాధానము ఒకచోట ఒప్పు, ఒకచోట తప్పు.

రెండవ చిక్కు ప్రశ్నయొక్క కట్టడమునందున్నది. ‘నీకు పరీక్షలన్న భయము లేదా?’ అని అడిగినప్పుడు ఒకడు ‘అవును’ అని భయము లేదనుట కొప్పుకొనును. మఱియొకడు ‘అవును’ అని భయమున్నదని చెప్పును. మాట యొకటే, భావములు రెండు. ‘తఱచుగా’, ‘అప్పుడప్పుడు’ అను మాటలకు నడుమ గల యెడము కూడ ఇట్టిదే. ఒకరికి వారమునకు రెండు దినములు తఱచు, మఱియొకరికి అప్పుడప్పుడు.

మూడవది పరిస్థితులకు సంబంధించిన చిక్కు. ప్రశ్నావళి ముప్పది నిమిషములలో పూర్తియగునని మన లెక్క. కాని మెల్లగా చదువు బాలునకు గంట పట్టును. కడపటి పది ప్రశ్నలకు వాడు చూడకయే గీతలు గీయును. ఉపాధ్యాయుడు ప్రక్కనే నిలిచినచో ‘భయము లేదు’ అనువారు పెరుగుదురు. స్నేహితుడు తొంగి చూచినచో ఇద్దఱి సమాధానములు ఒక్కటగును. పరీక్షలకు వారము ముందు అడిగిన ఒక ఫలము, దసరా సెలవుల తరువాత అడిగిన వేఱొక ఫలము.

ఇవన్నియు 900 మందిని విచారించిన పిమ్మట బయల్పడినచో ఆ కాగితములను కాల్చివేయుటకంటె గత్యంతరము లేదు. ముందుగనే ముప్పదిమందితో చూచినచో దిద్దుకొనవచ్చును.

ఎందఱితో చూడవలెను?

ఈ ప్రశ్నకు చిన్న లెక్క కలదు. ఒక లోపము నూటికి ఇరువదిమందికి తటస్థించునదనుకొనుడు. ఒక్కనిలో అది కనబడకుండుటకు అవకాశము 0.8. ఇద్దఱిలోను కనబడకుండుటకు 0.8ను 0.8 చేత గుణింపవలెను. ఇట్లు పదునలుగురివఱకు గుణించిన 0.05కు లోపుగా వచ్చును. అనగా 14 మందిని పరీక్షించినచో ఆ లోపము ఒక్కసారియైనను మన కంట పడుటకు నూటికి 95 పాళ్ళు అవకాశమున్నది. నూటికి పదిమందికి తటస్థించు లోపమునకు 29 మంది, అయిదుగురికి తటస్థించు దానికి 59 మంది కావలెను. గణితము తెలిసిన విద్యార్థులు దీనిని స్వయముగ సరిచూతురుగాక. అరుదైన లోపమును పట్టుటకు ఎక్కువమంది కావలెనని దీని తాత్పర్యము.

అయితే ఈ లెక్క, పరీక్షింపబడువారు అన్ని విధములవారినుండి నిష్పక్షపాతముగ ఎన్నుకొనబడినప్పుడే చెల్లును. ముందు బల్లలపై కూర్చుండు చుఱుకైన పిల్లలనే ఏఱి కూర్చినచో 59 మంది కాదు, 200 మంది యైనను నిరర్థకము. జిల్లా పరిషత్తు పాఠశాలనుండి కొందఱు, గురుకులమునుండి కొందఱు, ప్రైవేటు పాఠశాలనుండి కొందఱు, తండానుండి నడచి వచ్చువారు, ఇంట ఉర్దూ పలుకువారు, అక్షరములు కూడబలుకుకొనువారు ఇందుండవలెను. ఎవరికి మన ప్రశ్న అర్థము కాదో వారే మనకు గురువులు.

జరుపు క్రమము

ముందుగా ప్రశ్నలను తెలుగు చేసి, మూలము చూడని వేఱొకనిచే మఱల మూలభాషలోనికి మార్పింపవలెను. అర్థము ఎక్కడ జాఱినదో దానివలన కొంత తెలియును. తరువాత ఏడెనిమిదిమంది పిల్లలను విడివిడిగా కూర్చుండబెట్టి, ప్రతి ప్రశ్న చదివిన పిదప ‘ఇందులో నిన్నేమి అడుగుచున్నారు? నీ మాటలలో చెప్పుము’ అని అడుగవలెను. సమాధానముకంటె ఆ వివరణమే మనకు ముఖ్యము. అటుపిమ్మట నిజముగ పరిశోధన జరుపబోవు రీతినే ముప్పది నలువదిమందితో మొదటినుండి కడవఱకు నడపి చూడవలెను. ఎంత కాలము పట్టినది, ఎందఱు మధ్యలో మానివేసిరి, ఏ ప్రశ్నకు ఎక్కువమంది సమాధానము వ్రాయలేదు, ఏ ప్రశ్నకు అందఱును ఒకే సమాధానము చెప్పిరి అని వ్రాసికొనవలెను. అందఱును ఒకే సమాధానము చెప్పిన ప్రశ్న మనుష్యులలోని భేదమును చూపజాలదు. దానిని మార్చవలెను, లేదా తీసివేయవలెను.

ఏ ఫలము వచ్చినచో ముందుకు సాగుదుమో, ఏది వచ్చినచో ఆగుదుమో ముందుగనే కాగితముపై వ్రాసి పెట్టుకొనుట మంచిది. ‘పిలిచినవారిలో నూటికి డెబ్బదిమంది అంగీకరింపనిచో పద్ధతి మార్చుదుము’ అనునట్టి నియమము ముందే యున్నచో, తరువాత మన మనస్సే మనలను మోసగింపజాలదు. ఆపివేయుట ఓటమి కాదు. మునుగబోవు ఓడను రేవు బయటనే నిలుపుట పైలట్ నేర్పు.

తెలియనిదేమి?

ముప్పదిమంది సమాధానములనుండి ‘కోదాడ బాలురకంటె సూర్యాపేట బాలురకు భయమెక్కువ’ అని చెప్పరాదు. ఒక్కొక్క ఊరినుండి పదిమంది యున్నప్పుడు, ఒక్కడు అటునుండి ఇటు మాఱిన నూటికి పది పాళ్ళు మాఱును. అంత చంచలమైన అంకెపై ఏ భవనమును నిలువదు. అట్టి యంకెనే నమ్మి పెద్ద పరిశోధనకు కావలసిన జనసంఖ్యను నిర్ణయించుట కూడ ప్రమాదమే. చిన్న గుంపులో అదృష్టవశమున పెద్దదిగా కనబడిన భేదము పెద్ద గుంపులో కరగిపోవచ్చును. ప్రశ్నలు మార్చిన తరువాత పాత సమాధానములను కొత్తవానితో కలుపరాదు. మార్గదర్శకాధ్యయనమున పాల్గొన్న పిల్లలకు ప్రశ్నలు ముందే తెలియును గనుక వారిని మఱల చేర్చుకొనరాదు. నచ్చని ఫలము వచ్చినదని దానిని దాచిపెట్టరాదు. మన తప్పును ప్రకటించినచో మఱియొకడు అదే గుంటలో పడడు.

చిన్నదైనను బాధ్యత చిన్నది కాదు

ఇది కేవలము పూర్వప్రయత్నమే గదా యని కొందఱు అనుమతుల విషయమున అశ్రద్ధ చేయుదురు. అది తప్పు. భారత వైద్యపరిశోధన మండలి 2017లో ప్రకటించిన నీతినియమముల ప్రకారము, పిల్లలపై పరిశోధన జరుపుటకు తలిదండ్రుల అనుమతి కావలెను. ఏడు మొదలు పండ్రెండేండ్ల వఱకు గల పిల్లల నోటిమాట సమ్మతియు, అంతకు పైబడి పదునెనిమిదేండ్ల లోపువారి వ్రాతపూర్వక సమ్మతియు కావలెను. నీతిసంఘపు ఆమోదమును పొందవలెను. ‘నాకిష్టము లేదు’ అని లేచిపోవు బాలుని ఆపు అధికారము ఎవరికిని లేదు.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములలో పొరపాట్లు బయల్పడి, తప్పినవారి జవాబుపత్రములను లక్షలకొలదిగా మఱల సరిచూడవలసి వచ్చినది. ఫలితములు వెలువడిన ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు ప్రకటించినవి. ఒక్కొక్క మరణమునకు కారణములనేకము లుండును. వాని నిచట తేల్చ బూనుకొనము. కాని కొలుచు పనిముట్టులోని తప్పు కాగితముపైననే నిలిచిపోదనియు, అది ఒక పిల్లవాని యింటి గడప దాటి లోనికి పోవుననియు ఆ యేడు మన కందఱకు తెలిసినది.

కావున మన ప్రశ్నావళిలో ‘బ్రతుకు మీద విసుగు పుట్టినదా?’ అను ప్రశ్న యున్నచో, ‘పుట్టినది’ అని వ్రాసిన బాలుని కాగితమును మూటగట్టి బీరువాలో పెట్టరాదు. ఆ దినముననే ఆ కాగితము నెవరు చూతురు, వానితో ఎవరు మాటలాడుదురు, తలిదండ్రులకు ఎట్లు తెలుపుదురు, ఏ వైద్యుని యొద్దకు పంపుదురు అను ఏర్పాటు ముందే జరుగవలెను. ఈ యేర్పాటు నిజముగ పనిచేయునా అని కూడ మార్గదర్శకాధ్యయనముననే సరిచూడవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన భారతప్రభుత్వము ఆరంభించిన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును. ఈ సంఖ్యను పరిశోధకులే గాక ఈ వ్యాసము చదువు ప్రతి విద్యార్థియు గుర్తుంచుకొనవలెనని మా కోరిక. మనస్సు బరువెక్కినప్పుడు ఉపాధ్యాయునితోనో, ఇంటి పెద్దలతోనో, స్నేహితునితోనో చెప్పుకొనుట పిఱికితనము కాదు.

విద్యార్థులారా! మీలో కొందఱు ముందుముందు మనశ్శాస్త్రము చదువుదురు, కొందఱు ఉపాధ్యాయులగుదురు, కొందఱు వ్యాపారమో వ్యవసాయమో చేయుదురు. ఏ పని చేసినను ఈ పాఠము మీకు ఉపయోగపడును. లోతు తెలియని యేటిలో దిగువాడు ముందు కఱ్ఱ గ్రుచ్చి చూచును. ఆ కఱ్ఱ ఏటిని దాటింపదు. ఎక్కడ అడుగు వేయవలెనో మాత్రము చెప్పును. మనుష్యుల మనస్సులు మూసీకంటె లోతైనవి. వానిని విచారింప బోవువాడు ‘నా ప్రశ్న తప్పేమో’ అను శంకతో ఆరంభించి, ఎదుటి పసివాడు చెప్పినది వినుటకు సిద్ధపడవలెను. ఆ వినయము లేనిచోట ఎన్ని వేలమందిని లెక్కించినను శాస్త్రము పుట్టదు.